అప్‌డేట్ తర్వాత వీడియో రికార్డింగ్ నెమ్మదించిందా? కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఇవి చూడండి



పద్యపఠనం, సైన్స్ ప్రాజెక్టు వివరణ, ఇంగ్లిష్ ప్రసంగం వంటివి పిల్లలు ఇప్పుడు ఇంట్లోనే వీడియో తీసి పంపుతున్నారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్‌లు విండోస్ 11కు మారాయి. మారిన తర్వాత కొందరికి ఒక చిక్కు వస్తోంది. నిన్నటిదాకా బాగా నడిచిన రికార్డింగ్ ఆగి ఆగి వస్తుంది. పెదాల కదలికకూ మాటకూ పొంతన ఉండదు.

గడువు దగ్గర పడితే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి: "కొత్తది కొనేద్దాం", లేదా "షాపులో ఇచ్చి ఫార్మాట్ చేయిద్దాం". మొదటిదానికి వేల రూపాయలు కావాలి. రెండోదాంట్లో ఫొటోలు, నోట్సు, పాత వీడియోలు పోయే ప్రమాదం ఉంది. చాలాసార్లు ఈ రెండూ అక్కర్లేదు. పని ఎక్కడ ఆగుతోందో ముందు కనిపెట్టాలి.

ఎక్కడ ఆగుతుంది?

గోవాడ చక్కెర ఫ్యాక్టరీ మనకు తెలిసిందే. క్రషింగ్ మందగించిందంటే చెరకు వేళకు రాకపోయి ఉండాలి, లేదా మిల్లు ఆడించలేకపోవాలి, లేదా తయారైన సరుకు నిల్వకు చోటు లేకపోవాలి. చెరకే రానప్పుడు మిల్లు మార్చి లాభం లేదు కదా!

వీడియో రికార్డింగ్‌లోనూ ఇవే మూడు దశలు. కెమెరా బొమ్మలు పంపుతుంది, కంప్యూటర్ వాటిని కుదించి చిన్నవి చేస్తుంది, డిస్క్ వాటిని రాసుకుంటుంది. సెకనుకు 30 బొమ్మలు రావాలంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం సెకనులో 30వ వంతే. ఏ ఒక్క దశ వెనకబడినా వీడియో తడబడుతుంది.

ముందుగా ఒక రాత్రి ఆగండి

పెద్ద అప్‌డేట్ అయ్యాక విండోస్ తెర వెనక చాలా పనులు చేసుకుంటుంది. ఫైళ్ల జాబితా మళ్లీ తయారు చేస్తుంది, వైరస్ తనిఖీ చేస్తుంది, మిగిలిన అప్‌డేట్లు దించుకుంటుంది. ఛార్జర్ పెట్టి, ఇంటర్నెట్ ఉంచి, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా ఒక రాత్రి వదిలేయండి. ఉదయం ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. కొన్ని ఇళ్లలో సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది.

మొదటి పరీక్ష: కెమెరా

విండోస్‌తో వచ్చే కెమెరా యాప్ తెరవండి. అందులోనూ బొమ్మ తడబడితే తప్పు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ది కాదు. పిల్లల ముఖంపై వెలుతురు పెంచి చూడండి. చీకటిగా ఉంటే చాలా వెబ్‌క్యామ్‌లు సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను తామే తగ్గించుకుంటాయి. వీడియో కాల్ యాప్‌లు తెరిచి ఉంటే మూసేయండి.

రెండో పరీక్ష: కుదింపు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. రికార్డింగ్ నడుస్తుండగా సీపీయూ 100 శాతం దగ్గరే ఉంటే మిల్లు ఆడలేకపోతోందని అర్థం. ఓబీఎస్ స్టూడియో వాడేవారు స్టాట్స్ విండోలో ఎన్‌కోడింగ్ ల్యాగ్ అంకె చూడండి. అది పెరుగుతూ పోతుంటే సమస్య ఇదే.

మూడు మార్గాలున్నాయి. రిజల్యూషన్ 1080 నుంచి 720కి తగ్గించండి. ఒక్కో బొమ్మలో చుక్కలు సుమారు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు, అంటే సగం కంటే తక్కువకు దిగుతాయి. రెండోది, ఎన్‌కోడర్ సెట్టింగ్‌లో హార్డ్‌వేర్ అన్న ఎంపిక ఉంటే అది పెట్టండి. అప్పుడు ఆ పని గ్రాఫిక్స్ చిప్ చూసుకుంటుంది. మూడోది, ఛార్జర్ పెట్టి పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కు మార్చండి.

హార్డ్‌వేర్ ఎంపిక ఇదివరకు ఉండి ఇప్పుడు కనిపించకపోతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే, అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచేయడం లేదన్నమాట. ల్యాప్‌టాప్ తయారీ కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే డ్రైవర్ తీసుకోండి. డ్రైవర్లు సరిచేస్తామంటూ ప్రకటనల్లో వచ్చే యాప్‌లు వద్దు.

మూడో పరీక్ష: డిస్క్

టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తే గోదాము దగ్గర ఇబ్బంది. సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంత ఉందో చూడండి. పాత విండోస్ ఫైళ్లు కూడా కొంత చోటు తింటాయి. రికార్డింగ్ సేవ్ అయ్యే ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లో ఉంటే, వీడియో తీసేంతసేపు సింక్ ఆపి ఉంచండి.

పాత విండోస్ ఫైళ్లను తొందరపడి తీసేయకండి. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి పాత వెర్షన్‌కు వెళ్లే వీలుంది. ఆ ఫైళ్లు తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అయితే విండోస్ 10కి వెళ్లడం తాత్కాలిక ఊరటే. ఉచిత మద్దతు ముగిసిన సిస్టమ్‌లో భద్రతకు పూచీ ఉండదు. అందుకే అప్‌డేట్లను పూర్తిగా ఆపేయడమూ మంచిది కాదు.

పిల్లలతోనే చేయించండి

ఒకసారికి ఒకే మార్పు చేయాలి. మార్చిన ప్రతిసారీ ఒక్క నిమిషం రికార్డు చేసి, ఏం మార్చారో, ఏమైందో నోట్‌బుక్‌లో రాయించండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. సైన్స్ ల్యాబ్‌లో పాటించే పద్ధతి ఇదే. చిరాకు పడకుండా కారణం వెతకడం పిల్లలకు ఇక్కడ అలవాటవుతుంది.

గడువు రేపే అయితే ఈ పరీక్షలన్నీ ఆదివారానికి వాయిదా వేసి, వీడియో ఫోన్‌తో తీసి పంపండి.

అన్నీ చూశాక కూడా తీరకపోతే అప్పుడు షాపుకు వెళ్లండి. వెళ్లే ముందు ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆ నోట్‌బుక్ కూడా వెంట తీసుకెళ్లండి. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. అంతే ఉన్న యంత్రంలో రికార్డింగ్, బ్రౌజర్ కలిసి నడవడం కష్టం. ర్యామ్ 8 జీబీకి పెంచే వీలుందా, హార్డ్ డిస్క్ ఉంటే దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయవచ్చా అని అడగండి. కొత్త ల్యాప్‌టాప్ గురించి ఆలోచించడం ఆ తర్వాతే.