విదేశీ చదువుకు పిల్లల్ని పంపే ఇంటికి కొన్ని చిట్కాలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఇంజనీరింగ్ చివరి ఏడాది పిల్లలున్న ఇంట్లో ఈ మాట రాకుండా ఉండదు: ఎమ్మెస్‌కు పంపుదామా, వద్దా? స్తోమత చూసుకుని పంపమనే నేనంటాను. మంచి ల్యాబు, ఓపిగ్గా చెప్పే గురువు, పది దేశాల తోటి విద్యార్థులు, తన పని తాను చేసుకోగల ధైర్యం ఆ వయసులో దొరికితే జీవితాంతం పనికొస్తాయి. అయితే అవి దక్కాలంటే అక్కడ పిల్లలకు చదువుకునే తీరిక మిగలాలి. ఆ తీరికకు ఏర్పాట్లు ఇంటి దగ్గరే మొదలవ్వాలి.

1. ఏ కోర్సు, ఎవరి దగ్గర, ఎందుకు అన్నది పిల్లల చేతే ఒక పేజీ రాయించండి. పక్కింటివాళ్లు పోయారన్నది కారణం కాదు. భీమవరం బిడ్డ, శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో మామగారి సాయంతో బోస్టన్ చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నపనులు చేస్తూనే హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే ప్రయోగశాలను వదల్లేదు. వాళ్లిద్దరూ 1925లో ప్రకటించిన, ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పేరు మీదే ఉంది. పిల్లలు వెతుక్కోవాల్సింది అలాంటి ప్రయోగశాలను, అలాంటి గురువును.

2. అప్పు లెక్క వడ్డీతో మొదలుపెట్టండి. 40 లక్షలు బ్యాంకులో ఏడాదికి 10 శాతానికి తెస్తే నెలకు సుమారు 33 వేలు వడ్డీకే పోతుంది. అదే డబ్బు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 80 వేలు. ఆ భారం ఫోన్లో మీరు చెప్పకపోయినా పిల్లలకు తెలుస్తుంది, చదువు పక్కనపెట్టి పనికి పరుగెత్తుతారు. అందుకే ముందు విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేసి, రెండు మూడు బ్యాంకుల షరతులు పక్కపక్కన పెట్టుకుని చూడండి. పాత ఆదాయపన్ను విధానంలో ఉన్నవాళ్లకు విద్యారుణం వడ్డీ మీద 80ఇ మినహాయింపు కూడా ఉంది. చదువు సాగుతున్నన్నాళ్లూ వడ్డీ మాత్రం కట్టుకుంటూ పోగలిగితే అసలు పెరగదు. ఉన్న ఒక్క చేనూ అమ్మితే గానీ కుదరదంటే ఒక ఏడాది ఆగి, స్కాలర్‌షిప్ కోసం మళ్లీ ప్రయత్నించడం మేలు.

3. వంట నేర్పండి, మగపిల్లలకు కూడా. ఆరు నెలల ముందు నుంచి వారానికి రెండు పూటలు వంటిల్లు వాళ్లకే వదిలేయండి. అన్నం, పప్పు, చారు, ఒక కూర, గుడ్డు వస్తే చాలు; సంగటి గెలకడం రాకున్నా నష్టం లేదు. అక్కడ గదిలో నలుగురుంటే వంతులవారీగా వండుకుంటారు, వంట రానివాళ్లు బయట తిని డబ్బూ ఒళ్లూ రెండూ పాడుచేసుకుంటారు. చెనిక్కాయల పొడి, కందిపొడి, చింతకాయ పచ్చడి గట్టిగా ప్యాక్ చేసి పెట్టండి. మాంసం పచ్చళ్లు మాత్రం అమెరికాకు పంపకండి, విమానాశ్రయంలోనే తీసేస్తారు. తీసుకెళ్లే తిండి ఏదైనా అక్కడి అధికారులకు చెప్పమనండి.

4. కన్సల్టెన్సీ మాట ఒక్కటే నమ్మి డబ్బు కట్టొద్దు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు మన తెలుగు పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో బయటపడ్డ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీని అమెరికా అధికారులే వల పన్నడానికి నడిపారు, అందులోనూ చిక్కుకున్నది ఎక్కువగా తెలుగువాళ్లే. అమెరికా ప్రభుత్వ సైటు ‘స్టడీ ఇన్ ది స్టేట్స్’లో పేరుందో లేదో చూడండి. ఫార్మింగ్టన్ పేరు చాలాచోట్ల అసలైనదిలాగే కనిపించింది కాబట్టి అంతటితో ఆగకండి. అక్కడ చదువుతున్న ఇద్దరితో మాట్లాడండి. క్లాసులు లేకుండా వీసా నిలుస్తుందని ఎవరైనా చెబితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

5. జర్మనీనీ లెక్కలోకి తీసుకోండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. 2024 నుంచి ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపమంటున్నారు. అది నెలనెలా పిల్లల చేతికే వస్తుంది. మనవాళ్లకు చదువు పత్రాలు అసలైనవని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. భాష ఇక్కడే మొదలుపెట్టించండి.

6. వైద్యవిద్యకైతే నీట్ అర్హత లేకుండా కదలొద్దు. కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, ఇంగ్లీషు మాధ్యమం కావాలి, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి.

7. “ఈ నెల ఎంత పంపుతావు?” అని అడగకండి. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని. బయట పెట్రోలు బంకులో, దుకాణంలో దొంగచాటుగా చేస్తే వీసాకే ముప్పు. చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు, సైన్సు, ఇంజనీరింగ్ కోర్సులకు మరో 24 నెలలు పనిచేసే వీలుంది. అప్పు తీర్చే కాలం అది. ఈలోగా “ఈ వారం ఏం నేర్చుకున్నావు?” అని అడగండి. సీనియర్ల రికార్డులు చూసి రాసే అలవాటు మన కాలేజీలోనే మాన్పించండి. అక్కడ కాపీ కొడితే వెళ్లగొడతారు.

8. పదో తరగతి మెమో, డిగ్రీ, పాస్‌పోర్ట్‌లలో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉండాలి. ఇనీషియల్‌తో వదిలేసిన చోట ముందే సరిచేయించండి. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీ ట్రాన్‌స్క్రిప్టులు అనంతపురం నుంచి, యోగి వేమనవి కడప నుంచి రావాలి, చివరి వారందాకా ఆగొద్దు.

9. పళ్లు, కళ్లు ఇక్కడే చూపించి పంపండి. విద్యార్థుల బీమాలో పంటి వైద్యం చాలాచోట్ల ఉండదు. రెండు జతల కళ్లద్దాలు, డాక్టరు చీటీ పెట్టెలో పెట్టండి.