ఏడుపు లేకుండా పిల్లలకు తలకు పోయడం

బిడ్డను చూపించడానికి వచ్చే తల్లులు జ్వరం గురించి, విరేచనాల గురించి, టీకాల గురించి తప్పక అడుగుతారు. తలస్నానం గురించి అడిగేవారు అరుదు. కానీ ఏడాది నుండి మూడేళ్ళ వయసు పిల్లలున్న ఇంట్లో వారానికి రెండుసార్లు జరిగే పెద్ద గొడవ ఇదే. శనివారం సాయంత్రం, మర్నాడు చర్చికి వెళ్ళాలని, ఇద్దరు పట్టుకుంటే ఒకరు నీళ్ళు గుమ్మరిస్తారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ పెనుగులాటలోనే సబ్బు కళ్ళలో పడడం, కాలు జారడం, వేడినీళ్ళు ఒలకడం జరుగుతాయి. అందుకే ఈ చిన్న విషయం గురించి ఇంత రాయవలసి వస్తోంది.

ముందు బిడ్డ ఎందుకు ఏడుస్తుందో చూద్దాం. నెలల పిల్లగా ఉన్నప్పుడు నాయనమ్మ కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసేది. చేయి తిరిగినవారు చేస్తే అది మంచి పద్ధతే, నేను తప్పుపట్టను. అయితే నడక వచ్చిన బిడ్డ అలా పడుకోదు. వెల్లకిలా వంచితే కింద పడిపోతున్నట్టు భయపడుతుంది. నీళ్ళు ఎటునుండి వస్తాయో దానికి కనబడదు. ముక్కులోకి పోతే ఊపిరాడనట్టు ఉంటుంది. ఒకసారి కళ్ళు మండితే, రెండోసారి బకెట్ చూడగానే ఏడుపు మొదలుపెడుతుంది. దీన్ని మొండితనం అనకండి. పోయినసారి మంట దానికి గుర్తుంది, అంతే.

మన మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ళలో ఇప్పటికీ కుంకుడుకాయ వాడే ఇళ్ళు ఉన్నాయి. పెద్దలకు అది మంచిదే. కుంకుడులో నురుగు తెప్పించే సపోనిన్ అనే పదార్థం కళ్ళలో పడితే మాత్రం విపరీతంగా మండుతుంది, కళ్ళు ఎర్రబడి వాస్తాయి. మూడేళ్ళ లోపు పిల్లలకు కుంకుడు వద్దనే నేను చెబుతాను. పెద్దమ్మలు ఒప్పుకోకపోతే, కనీసం రసాన్ని పల్చటి బట్టలో వడకట్టి, బాగా నీళ్ళు కలిపి, వెనుక జుట్టుకే పట్టించండి. కొట్టిన కుంకుడు గింజలను నేల మీద వదలకండి. పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.

పిల్లల షాంపూ కళ్ళను మండించకపోవడానికి కారణం, అందులోని నురుగు పదార్థాలు మెత్తటి రకానివి కావడం, దాని పులుపు-క్షార గుణం మన కన్నీటికి దగ్గరగా ఉండడం. కంటిని మొద్దుబార్చే మందేదో కలుపుతారని కొందరు అంటారు, అది నిజం కాదు. అలాగని కళ్ళలో పోసినా ఫరవాలేదని అర్థం కాదు. పెద్దవాళ్ళు వాడే షాంపూ ప్యాకెట్‌లో మిగిలిన సగం పిల్లకు పూయకండి. బఠాణీ గింజంత పిల్లల షాంపూ అరచేతిలో నీళ్ళతో కలిపి రాస్తే చాలు. మన ప్రాంతంలో చాలా బోరు నీళ్ళు ఉప్పుదనం ఉన్న కఠిన జలాలు. సబ్బు నురగ రాదు, తెల్లటి జిడ్డు వెంట్రుకలకు పట్టుకుంటుంది, అది పోలేదని తల్లి ఇంకా ఇంకా రుద్దుతుంది. నల్లా నీళ్ళు దొరికితే తలకు ఆ నీళ్ళే ఉంచుకోండి.

ఇక పోసే పద్ధతి. బిడ్డ ఆకలితో, నిద్రమత్తుతో ఉన్నప్పుడు మొదలుపెట్టవద్దు. సబ్బు, తువాలు, బట్టలు ముందే దగ్గర పెట్టుకోండి. బిడ్డను చిన్న పీట మీద నిటారుగా కూర్చోబెట్టండి. మొదట కాళ్ళ మీద, తర్వాత వీపు మీద, చివరకు తల మీద నీళ్ళు పోయాలి. మగ్గుతో కాకుండా చిన్న చెంబుతో సన్నటి ధారగా పోయండి. మీ ఎడమచేతిని బిడ్డ నుదుటి మీద కనుబొమల పైన అడ్డం పెట్టి, "పైన బల్లి ఉందా చూడు బంగారూ" అంటే తల దానంతట అదే పైకెత్తుతుంది, నీళ్ళు వెనక్కి జారతాయి. పోసే ముందు ప్రతిసారీ "ఒకటి, రెండు, మూడు" అని చెప్పండి. చెప్పకుండా గుమ్మరిస్తేనే బిడ్డ ఉలిక్కిపడుతుంది. మడత పెట్టిన పొడి చేతిరుమాలు బిడ్డ చేతికే ఇచ్చి కళ్ళకు అద్దుకోమనండి. తన చేతిలో ఏదో పని ఉన్న బిడ్డకు భయం సగం తగ్గుతుంది. ముందుగా బొమ్మకు తనే నీళ్ళు పోస్తే ఇంకా మంచిది. బాగా భయపడిన పిల్లకు రెండు వారాలు షాంపూ మాని, తడిబట్టతో తల తుడవండి. ఏమీ కాదు. ఈ వయసులో వారానికి రెండుసార్లు తలస్నానం చాలు.

కళ్ళలో పడిందే అనుకోండి, చేతితో నలపవద్దు. రెప్పలు మెల్లగా తెరిచి శుభ్రమైన మామూలు నీళ్ళు పదిహేను నిమిషాలు ధారగా పోయాలి. చనుబాలు, ఆముదం, నెయ్యి కంట్లో వేయకూడదు. ఆ తర్వాత కూడా బిడ్డ కన్ను తెరవకపోతే, వెలుతురు చూడలేకపోతే, కంటి డాక్టరుకు చూపించాలి.

వేడినీళ్ళ విషయం ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేడినీళ్ళు కలపాలి. వేడినీళ్ళు ముందు పోసి చన్నీళ్ళ కోసం అటు వెళ్ళిన ఆ కాసేపట్లోనే పిల్లలు చెయ్యి పెడతారు. పిల్లల చర్మం పలుచన, పెద్దల కంటే త్వరగా, లోతుగా కాలుతుంది. కలిపాక మీ మోచేతితో చూడండి, గోరువెచ్చగా, అంటే 37, 38 డిగ్రీలు, ఉంటే సరి. హీటర్ రాడ్ ఉన్న బకెట్ స్నానాల గదిలో పిల్లలకు అందే చోట ఉండనే కూడదు. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రాడ్ బయటకు తీసిన తర్వాతే నీళ్ళు ముట్టుకోవాలి. కాలితే ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీటి ధార కింద ఉంచండి. ఐస్, పేస్టు, సిరా, పసుపు ఏవీ పూయకుండా, శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకురండి. 2005లో మొదలైన 108 అంబులెన్సును పిలవడానికి సందేహించకండి.

ఫోను మోగిందని బిడ్డను బకెట్ దగ్గర వదలడం ఇంకో ప్రమాదం. తలకిందులుగా బకెట్‌లో పడిన పిల్ల తనంతట తాను లేవలేదు. రెండు అంగుళాల నీళ్ళు చాలు ప్రాణం పోవడానికి, అదీ శబ్దం లేకుండా. ఫోను మోగనివ్వండి.

నూనె తలకు రాస్తే రాయండి, ముక్కులో, చెవుల్లో చుక్కలు వేయవద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. సాంబ్రాణి పొగ కూడా మానండి. పిల్లికూతలు, ఆయాసం ఉన్న పిల్లలకు ఆ పొగ బాగా హాని చేస్తుంది, నిప్పుల కుంపటి వేరే ప్రమాదం. మెత్తటి తువాలుతో అద్ది, ఎండ తగిలే చోట కూర్చోబెడితే తల ఆరుతుంది.

పేలు పడితే కొందరు కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాస్తారు. కర్పూరం చిన్నపిల్లలకు విషం, మింగితే మూర్ఛలు వస్తాయి, ఒంటికి రాసినా ప్రమాదమే. కిరోసిన్ అసలే వద్దు. శామీర్‌పేట చుట్టుపక్కల కూరగాయల తోటలు, ద్రాక్ష తోటలు ఉన్న ఇళ్ళలో పురుగుమందు అందుబాటులో ఉంటుంది. దాన్ని పేలకు రాస్తే తల చర్మం గుండా ఒంట్లోకి ఇంకి ప్రాణం తీయగలదు. పేలకు పర్మెత్రిన్ అనే మందు ఉంది, డాక్టరు చెప్పిన మోతాదులో వాడి, సన్న దువ్వెనతో దువ్వాలి, వారం పది రోజులకు మళ్ళీ వాడాలి. ఇంటిల్లిపాదినీ ఒకేసారి చూడాలి, లేకపోతే పేలు అక్క తల నుండి తమ్ముడి తలకు తిరుగుతూనే ఉంటాయి. ఎవరైనా తెలియక పురుగుమందు రాసి, బిడ్డకు చొంగ కారడం, వాంతి, చెమటలు, ఆయాసం మొదలైతే, బట్టలు విప్పి తలను సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే తీసుకురండి. ఆ మందు డబ్బా కూడా వెంట తెండి, దాని మీద పేరు చూస్తేనే డాక్టరుకు విరుగుడు తెలుస్తుంది.