పాత కారు: ఉన్నట్టే ఉంచాలా? మార్చాలా?

గద్వాల కోటలోని చెన్నకేశవస్వామి గుడిలో ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. వనపర్తి రాజాగారి భవనమేమో పాలిటెక్నిక్ విద్యార్థులకు బడి అయింది. మొదటి కట్టడం పాత పనిలోనే నిలిచింది. రెండవది కొత్త పనికి మారింది. పాత వస్తువు చేతికి వచ్చిన ప్రతివారి ముందూ ఈ రెండు దారులుంటాయి. కారు విషయంలో ఏ దారి మంచిదో విజ్ఞానశాస్త్రాన్ని అడిగి తెలుసుకుందాం.

నాగర్‌కర్నూలులో ఒక ఇంటి కొట్టంలో 1960ల నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉందనుకోండి. "పెద్ద ఇంజను, వెడల్పు టైర్లు వేసి స్పోర్ట్స్ కారు చేద్దాం తాతా!" అంటాడు మనవడు. "కొన్నప్పుడు ఎట్లున్నదో అట్లనే ఉండాలె" అంటాడు తాత. ఎవరి మాట సరైనది?

కారు కథ

హెరాల్డ్ కారును ఇంగ్లండులోని ట్రయంఫ్ సంస్థ 1959లో విడుదల చేసింది. దాని రూపాన్ని గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. మన దేశంలో 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో దీనిని తయారు చేశారు. ఇంజను చిన్నది, 948 ఘన సెంటీమీటర్లు. ఈ కారుకు ఛాసీ వేరు, పైనున్న బాడీ వేరు. బాడీ భాగాలను బోల్టులతో బిగిస్తారు. కనుక విప్పి బాగుచేయడం సులభం. విప్పి మార్చేయడమూ అంతే సులభం!

కంపెనీ నేర్చుకున్న పాఠం

మనవడి ఆలోచన కొత్తది కాదు. ట్రయంఫ్ సంస్థే 1962లో హెరాల్డ్ ఛాసీని పొట్టిచేసి స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేసింది. 1966లో అదే వంశంలో జీటీ6 అనే కూపే వచ్చింది. దానికి ఆరు సిలిండర్ల, సుమారు రెండు లీటర్ల ఇంజను పెట్టారు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు అమర్చారు. కాని వెనుక ఇరుసు మాత్రం హెరాల్డ్ పద్ధతిలోనే ఉంది. అందులో ఇరుసు రెండు ముక్కలు. ఒక్కొక్కటి మధ్యలోని కీలు దగ్గర పైకీ కిందికీ ఊగుతుంది. మలుపులో వేగంగా తిరిగితే బయటివైపు చక్రం లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు టైరుకు రోడ్డు మీద పట్టు తగ్గి కారు అదుపు తప్పవచ్చు. ఈ లోపం మీద విమర్శలు రాగా 1968లో వచ్చిన రెండవ నమూనాలో వెనుక అమరికను మార్చారు.

దీనివల్ల తెలిసేదేమిటి? కారు అనేది విడివిడి భాగాల మూట కాదు. ఇంజను, బ్రేకులు, ఇరుసు, టైర్లు ఒకదానికొకటి సరిపడేట్టు కూర్చిన వ్యవస్థ. ఒకదాన్ని పెంచితే మిగిలినవాటిని అందుకు తగ్గట్టు మార్చాలి.

ఘాటు రోడ్డు లెక్క

మన్ననూరు దాటి నల్లమల అడవిలో సాగే శ్రీశైలం రోడ్డు దోమలపెంట తరువాత మలుపులు తిరుగుతూ కృష్ణానది వైపు దిగుతుంది. మనుషులతో కలిపి కారు బరువు 1000 కిలోలనీ, అది 200 మీటర్ల ఎత్తు దిగిందనీ అనుకుందాం. కోల్పోయిన స్థితిజశక్తి:

1000 × 9.8 × 200 = 19,60,000 జౌళ్ళు.

కారు వేగం పెరగకుండా ఉండాలంటే ఈ శక్తి ఉష్ణంగా మారాలి. నాలుగు బ్రేకు డ్రమ్ముల బరువు మొత్తం 20 కిలోలు అనుకోండి. ఒక కిలో ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 460 జౌళ్ళు కావాలి. ఉష్ణమంతా డ్రమ్ములలోనే నిలిస్తే ఉష్ణోగ్రత సుమారు 213 డిగ్రీలు పెరుగుతుంది! నిజానికి కొంత వేడి గాలిలోకి పోతుంది. చిన్న గేరులో దిగితే ఇంజను కూడా కొంత భారం మోస్తుంది. అందుకే ఘాటులో చిన్న గేరు వాడాలంటారు.

డ్రమ్ము బాగా వేడెక్కితే వ్యాకోచించి, లోపలి షూలకు దూరంగా జరుగుతుంది. లైనింగు ఘర్షణ కూడా తగ్గుతుంది. పెడలు ఎంత తొక్కినా బ్రేకు సరిగా పట్టదు.

ఇక వేగం సంగతి. గతిజశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 60 కి.మీ. వేగానికి బదులు 90 కి.మీ. వేగంతో పోతే శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది. పెద్ద ఇంజను ప్రతి మలుపుకు ముందు ఆ అదనపు భారాన్ని పాత బ్రేకుల మీదే వేస్తుంది.

తాత తెలుసుకోవలసినవి

అయితే ఏదీ మార్చకూడదనే మాట కూడా పూర్తిగా నిలవదు. ఆ రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు. అది ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోటును అరుగుదల నుంచి కాపాడేది. 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. కనుక ఇంజను విప్పినప్పుడు గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించడం మంచిది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది, నీటినీ పీల్చుకుంటుంది. గొట్టాలు, వాషర్లు మార్చక తప్పదు.

తుప్పు సంగతీ చూడాలి. తుప్పుకు నీరూ ఆక్సిజనూ కావాలి. ఉప్పుగాలి తోడైతే మరీ త్వరపడుతుంది. పాలమూరు పొడి నేల కనుక ఇక్కడి కారు సముద్రతీరపు కారు కన్నా నెమ్మదిగా తుప్పుపడుతుంది. కాని ఎండకు రబ్బరు పగులుతుంది, రంగు వెలిసిపోతుంది.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2021 నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాన్ని 'వింటేజ్'గా నమోదు చేయించవచ్చు. దాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తీసుకుపోవచ్చు, రోజూ తిప్పకూడదు. కాబట్టి పెద్ద ఇంజను పెట్టినవాడు ఆ గుర్తింపును కూడా పోగొట్టుకుంటాడు.

తీర్పు

మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ మార్పు ప్రాణరక్షణకు అవసరమా? దీనికి తగ్గట్టు మిగిలిన భాగాలు సరిపోతాయా? రేపు వద్దనుకుంటే పాత స్థితికి తేగలమా? కొత్త గొట్టాలు, మంచి లైనింగులు, సీటు బెల్టులు ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఛాసీని కోసి పెట్టే పెద్ద ఇంజను నెగ్గదు. కోసిన ఛాసీ మళ్ళీ పాతది కాదు. ఆ నాటి పనివాళ్ళు ఆలోచించిన తీరుకు అదే సాక్ష్యం. మనవడికి వేగమే కావాలంటే అందుకోసమే తయారైన కొత్త కారు కొనుక్కోవచ్చు. తాత కారును బాగుచేసి, భద్రంగా నడుపుకోవచ్చు.

మీరే లెక్కించండి: కారు వేగం 40 కి.మీ. నుంచి 80 కి.మీ.కు పెరిగితే బ్రేకులు ఎన్ని రెట్ల శక్తిని ఉష్ణంగా మార్చాలి? (జవాబు: 4 రెట్లు.)