క్రిటికల్ ఇల్‌నెస్ బీమా: ఎక్కడ పుట్టింది, ఎవరికి అవసరం?

1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో మనిషికి తొలి గుండెమార్పిడి చేసిన క్రిస్టియాన్ బర్నార్డ్ పేరు చాలామందికి తెలుసు. ఆ బృందంలోనే ఉన్న ఆయన తమ్ముడు డాక్టర్ మారియస్ బర్నార్డ్‌ను మాత్రం మరిచిపోతుంటారు. 1983లో దక్షిణాఫ్రికాలో మొదలైన క్రిటికల్ ఇల్‌నెస్ (తీవ్ర వ్యాధుల) బీమాకు ఆద్యుడు ఆయనే. ప్రాణం దక్కినా ఇల్లు గుల్లైపోతున్న రోగులను చూసి చలించారు. తొలుత ఈ బీమా వర్తించినవి నాలుగింటికే: గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్, బైపాస్ సర్జరీ.

ఆరోగ్య బీమా ఆసుపత్రి బిల్లు కడుతుంది. క్రిటికల్ ఇల్‌నెస్ బీమా బిల్లుతో పనిలేకుండా మొత్తం సొమ్ము ఒకేసారి ఇస్తుంది. అయితే జబ్బు పాలసీలో రాసినంత తీవ్రంగా ఉండాలి. సాధారణంగా పాలసీ తీసుకున్న మొదటి 90 రోజుల్లో జబ్బు బయటపడితే పరిహారం రాదు. ఆరోగ్య బీమా ముందే ఉండి, ఒక్కరి జీతంపైనే నడిచే ఇంటికి ఇది తీసుకోదగ్గదే.

భారత్‌లో బీమా నియంత్రణ సంస్థ: ఐఆర్‌డీఏఐ, హైదరాబాద్.