రేసు కారుకు రెక్కలెందుకు?

విమానానికి రెక్కలుంటాయి, అది ఎగరాలి కనుక. ఫార్ములా వన్ కారుకు కూడా ముందొకటి, వెనకొకటి రెక్కలుంటాయి. మరి అది ఎగరకూడదు కదా! నిజానికి ఆ రెక్కలు పెట్టిందే నేలను వదలకుండా ఉండటానికి. విమానం రెక్కను తలకిందులుగా బిగిస్తే గాలి దాన్ని పైకి లేపడానికి బదులు కిందికి అదుముతుంది. రేసుల వాళ్ళు దీన్ని డౌన్‌ఫోర్స్ అంటారు. మనం అదుముడు బలం అందాం.

ఈ బలం ఎందుకు కావాలో తెలియాలంటే ఘర్షణ పాఠం గుర్తు తెచ్చుకోండి. వస్తువు నేలను ఎంత గట్టిగా నొక్కితే ఘర్షణ అంత ఎక్కువ. ఖాళీ పెట్టె తేలిగ్గా జరుగుతుంది, పుస్తకాలు నింపిన పెట్టె జరగదు. (బదిలీ వచ్చినప్పుడల్లా సామాన్లు సర్దే ఇళ్ళలోని పిల్లలకు ఈ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు.) కారు మలుపు తిరిగేటప్పుడు దాన్ని దారిలో నిలిపే అభికేంద్ర బలం టైర్లకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ నుంచే వస్తుంది. ఘర్షణ చాలకపోతే కారు జారి పక్కకు పోతుంది.

అయితే కారులో ఇసుక బస్తాలు వేసి బరువు పెంచితే సరిపోదా? సరిపోదు. బరువుతో ఘర్షణ పెరిగే మాట నిజమే కానీ, బరువైన కారును మలపడానికి కావలసిన బలం కూడా అంతే పెరుగుతుంది. లాభం సున్నా. గాలి మాత్రం కారు ద్రవ్యరాశిని ఒక్క గ్రాము కూడా పెంచకుండా టైర్లను రోడ్డుకు అదిమిపెడుతుంది. రేసు కార్ల ఆకారం వెనక ఉన్న అసలు రహస్యం ఇదే.

పైగా ఈ బలం వేగ వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఉన్న బలం 200 దగ్గర నాలుగింతలు, 300 దగ్గర తొమ్మిదింతలు అవుతుంది. ఈనాటి ఫార్ములా వన్ కారు మంచి వేగం మీద ఉన్నప్పుడు అదుముడు బలం దాని సొంత బరువును మించిపోతుంది. అంటే లెక్క ప్రకారం, అంత వేగంతో పోగలిగితే, సొరంగం పైకప్పుకు అతుక్కుని తలకిందులుగా కూడా పరుగెత్తవచ్చు!

కానీ గాలి ఏదీ ఊరికే ఇవ్వదు. అదుముడు బలం పెంచుకుంటే గాలి నిరోధం కూడా పెరిగి, తిన్నని దారిలో వేగం తగ్గుతుంది. అందుకే ఇటలీలోని మోంజాలో పొడవైన తిన్నని దారులు ఎక్కువ కనుక పల్చని రెక్కలు పెడతారు, మొనాకో వీధుల్లో ఎటు చూసినా మలుపులే కనుక పెద్ద రెక్కలు పెడతారు. 2011 నుంచి 2013 వరకు ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగిన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో రెండూ ఉన్నాయి. కిలోమీటరు దాటిన తిన్నని దారీ ఉంది, వేగంగా తిరగాల్సిన పొడవాటి మలుపూ ఉంది. అక్కడ ఏ రెక్క పెట్టినా ఎక్కడో ఒకచోట నష్టపోక తప్పదు.

ఇక చక్రాలు. ఈ కార్లకు చక్రాల మీద కప్పు ఉండదు కనుకే వీటిని ఓపెన్ వీల్ కార్లు అంటారు. కారు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంటే టైరు పైభాగం, నేలతో పోల్చినప్పుడు, 600 వేగంతో ముందుకు కదులుతుంది. దొర్లే చక్రం మీద లెక్కలు చేసిన పెద్ద తరగతుల వాళ్ళు దీన్ని సరిచూసుకోవచ్చు. అలా తిరిగే నాలుగు చక్రాలు ఎదురొచ్చే గాలిని చెల్లాచెదురు చేస్తాయి. ముందు రెక్క కారును అదమడమే కాదు, గాలిని ఈ చక్రాల చుట్టూ దారి మళ్ళిస్తుంది కూడా. దాని అంచుల్లో అన్ని వంకరలు ఉండేది అందుకే.

ఫార్ములా వన్‌లో రెక్కలు కనిపించడం మొదలైంది 1968లో. మొదట్లో వాటిని సన్నని కడ్డీల మీద తల కన్నా ఎత్తులో నిలబెట్టేవారు. 1969లో బార్సిలోనాలో జరిగిన స్పానిష్ గ్రాండ్ ప్రిలో రెండు లోటస్ కార్ల రెక్కలు విరిగి, గ్రాహం హిల్, యోఖెన్ రిండ్ ఇద్దరూ ప్రమాదాలకు గురయ్యారు. అదృష్టం కొద్దీ ప్రాణాలు దక్కాయి. ఆ తరువాతి రేసు మొనాకోలోనే ఎత్తయిన రెక్కలను నిషేధించారు.

తరువాత లోటస్ ఇంజినీర్ల చూపు కారు అడుగుభాగం మీద పడింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. కాలువ ఇరుకైన చోట నీళ్ళు జోరుగా పారడం మీరు చూసే ఉంటారు. గాలి కూడా అంతే. ఇరుకు దారిలో దాని వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. రెండు కాగితాలను కొంచెం ఎడంగా నిలువుగా పట్టుకుని మధ్యలో ఊదండి. విడిపోతాయనుకుంటే దగ్గరికొస్తాయి! లోటస్ కారులో ఒక కాగితం స్థానంలో కారు అడుగు, రెండో దాని స్థానంలో రోడ్డు ఉన్నాయి. రోడ్డు కదలదు కాబట్టి కారే కిందికి లాగబడుతుంది. పక్కల నుంచి గాలి దూరకుండా రోడ్డును తాకేలా అడ్డుపలకలు కట్టారు. 1978లో మారియో ఆండ్రెట్టి ఈ పద్ధతితో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడాది బ్రాబమ్ జట్టు ఏకంగా కారు వెనక పెద్ద ఫ్యాన్ పెట్టి అడుగునున్న గాలిని పీల్చేసింది. అది ఇంజన్ చల్లబరచడానికే అని చెప్పుకొన్నారు. స్వీడన్‌లో నికీ లాడా దానితో గెలిచాడు, అంతటితో ఆ కారు రేసుల నుంచి తప్పుకుంది.

ఈ పద్ధతిలో ప్రమాదం లేకపోలేదు. అడ్డుపలక ఎక్కడైనా ఇరుక్కుని పైకి లేస్తే అదుముడు బలం ఒక్కసారిగా మాయమవుతుంది, అదీ మలుపు మధ్యలో. అందుకే 1983 నుంచి అడుగుభాగం చదునుగా ఉండాలని నియమం పెట్టారు.

దాంతో జట్లు మళ్ళీ రెక్కల మీద పడ్డాయి. కారు పైన చిన్నా పెద్దా పలకలు పెరుగుతూ పోయాయి. ప్రతి పలకా వెనక సుడిగాలి వదులుతుంది. వెనక వచ్చే కారు రెక్కలకు తిన్నని గాలి అందదు, దాని పట్టు సడలుతుంది, టైర్లు వేడెక్కుతాయి. ముందున్న కారు కన్నా వేగంగా పోగలిగినా మలుపుల్లో దగ్గరికి చేరలేక రేసు ఊరేగింపులా తయారైంది. నిర్వాహకుల లెక్క ప్రకారం 2021 నాటి కారు ముందు కారుకు 20 మీటర్ల దూరంలో ఉంటే 35 శాతం అదుముడు బలం కోల్పోయేది. 2022లో అడుగున సొరంగాలను మళ్ళీ తెచ్చి, రెక్కలను సాదాగా చేసి, ఆ నష్టాన్ని 4 శాతానికి దించాలనుకున్నారు.

అప్పుడు పాత జబ్బు తిరిగొచ్చింది. వేగం పెరిగేకొద్దీ కారు నేలకు దిగుతుంది, దిగేకొద్దీ బలం ఇంకా పెరుగుతుంది. మరీ కిందికి దిగాక గాలికి దారి మూసుకుపోయి బలం తగ్గి కారు పైకి లేస్తుంది. గాలి దారి తెరుచుకోగానే మళ్ళీ దిగుతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇలా! నీళ్ళలో మునుగుతూ తేలే పార్పాయిస్ అనే జంతువు పేరు మీద దీన్ని పార్పాయిసింగ్ అంటారు. 2022లో బాకూ రేసు ముగిశాక లూయిస్ హామిల్టన్ నడుము పట్టుకుని కారులోంచి దిగాడు. ఈ కుదుపుకు ఎఫ్‌ఐఏ ఒక హద్దు పెట్టింది, 2023లో కారు అడుగుభాగం అంచులను 15 మిల్లీమీటర్లు పైకి లేపించింది. ఆ కాస్త ఎత్తుతోనే కార్లు చాలావరకు కుదుటపడ్డాయి.

వెనక కారుకు ముందు కారే మేలు చేసే ఓపెన్ వీల్ రేసులు కూడా ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసు అలాంటిదే. ఈ విద్యుత్ కార్లు అదుముడు బలం మీద అంతగా ఆధారపడవు. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, దాని నీడలో పోయే కారుకు నిరోధం తగ్గి బ్యాటరీ మిగులుతుంది. అందుకే ఆ రేసుల్లో కొన్నిసార్లు ముందున్న డ్రైవరే కావాలని నెమ్మదించి, వెనకవాడికి దారి ఇస్తాడు.