కడుపులోనికి గొట్టము వేయు పరీక్ష: భయము తగ్గించుకొను మార్గములు

కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల నుండి కడుపునొప్పితో నెల్లూరు పోయిన రోగికి వైద్యుడు ‘ఎండోస్కోపీ చేయవలెను’ అని చెప్పిన తోడనే గుండె జారిపోవును. గొట్టము గొంతులో దిగునప్పుడు ఊపిరాడదేమోనను భయముతో కొందరు బిళ్లలు మాత్రము కొనుక్కొని ఇల్లు చేరుదురు. బిళ్లలతో నొప్పి కొంతకాలము అణగవచ్చును. లోపలి పుండో, గడ్డయో పెరుగుచునే యుండవచ్చును. మ్రింగుట కష్టమైనను, కారణము తెలియక బరువు తగ్గినను పరీక్షను వాయిదా వేయరాదు. రక్తము వాంతి యైనను, విరేచనము తారువలె నల్లగా నైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఊరిలో రోగి తొలుత సలహా అడుగునది పంచాయతీ సభ్యులనే కనుక, ఈ సంగతులు మీరు తెలిసికొనియుండుట అవసరము.

ఒకప్పుడు ఈ పరీక్ష నిజముగానే కఠినమైనది. 1868లో కుస్మాల్ అను జర్మన్ వైద్యుడు తిన్నని లోహపు గొట్టముతో కడుపులోనికి చూడబూనినప్పుడు, దానిని మ్రింగుటకు కత్తులు మ్రింగు గారడీవాడే కావలసి వచ్చెను! 1957లో అమెరికాలో హిర్షోవిట్స్ అను వైద్యుడు గాజునారలతో చేసిన వంగెడు గొట్టమును మొదట తన గొంతులోనికే దింపుకొని చూచెను. నేటి గొట్టము సాధారణముగా 9, 10 మిల్లీమీటర్ల లావు మాత్రమే. అది పోవునది అన్నము పోవు దారిని. గాలి పోవు దారి వేరు. ఈ విద్యలో తెలుగువారు వెనుకబడి లేరు. కర్నూలు వైద్య కళాశాలలో చదివి, హైదరాబాదులో ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ లభించినది.

రోగి సుఖము ఇంటివద్దనే ఆరంభమగును. పరీక్షకు ముందు సాధారణముగా 6 గంటలు ఏమియు తినరాదు. మంచినీరు 2 గంటల ముందు వరకు త్రాగవచ్చును. మన వారు తెల్లవారుజామున బస్సెక్కి, దారిలో ‘ఒక్క టీయే గదా’ అని త్రాగుదురు. పాలు కలిసిన టీ నీటితో సమానము కాదు. దానివలన పరీక్ష ఆగిపోవచ్చును. తమలపాకు, పొగాకు, చుట్ట కూడ మానవలెను. మధుమేహపు మందులు, రక్తము పలుచన చేయు మందులు వాడువారు ముందుగానే వైద్యునితో చెప్పవలెను. తమంతట తాము మానరాదు. కట్టుడు పళ్లున్నచో తీసివేయవలెను.

పరీక్షకు ముందు గొంతు తిమ్మిరెక్కుటకు మందు చల్లుదురు. రోగిని ఎడమ ప్రక్కకు పండుకొనబెట్టి, పళ్ల నడుమ చిన్న కవచ ముంచుదురు. గొట్టము దిగునప్పుడు ఓకరింపు వచ్చుట సహజము, సిగ్గుపడవలసినది లేదు. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి విడుచుచుండవలెను. నోట చేరిన లాలాజలమును మ్రింగక కారిపోనీయవలెను. మెడను బిగబట్టినకొలది బాధ హెచ్చును. వ్యాధిని కనుగొనుటకు మాత్రమే యైనచో పరీక్ష సాధారణముగా 5 నుండి 10 నిమిషములలో ముగియును.

మత్తు సూది కావలెనని అడుగుట రోగి హక్కు. అయితే ముసలివారికిని, ఆయాసమున్నవారికిని అది తగునో లేదో వైద్యుడే నిర్ణయింపవలెను. మత్తు తీసికొన్నవానిని ఒంటరిగా బస్సెక్కింపరాదు. పెద్దవాడొకడు వెంట నుండవలెను. 24 గంటలు బండి నడుపరాదు, దస్తావేజులపై సంతకములు చేయరాదు. ఈ తోడును సమకూర్చుట సభ్యులు చేయగల ముఖ్యమైన సాయమని నా అభిప్రాయము.

గొంతు తిమ్మిరి పూర్తిగా వదలినదాక నీరైనను త్రాగరాదు. ఒకటి రెండు దినములు గొంతు మండవచ్చును. తీవ్రమైన ఎదనొప్పి, కడుపునొప్పి, జ్వరము, ఆయాసము, రక్తపు వాంతి కనిపించినచో వెంటనే ఆసుపత్రికి మరలవలెను. లోపలి నుండి చిన్న ముక్క తీసి పరిశోధనకు పంపినచో ఫలితము కొన్ని దినములకు గాని రాదు. ఆ కాగితముకొరకు రోగి మరల పోయినాడో లేదో మీరు విచారించుచుండవలెను.