బ్లాక్‌చెయిన్‌ను ఎంచుకునే ముందు: చేయవలసినవి – చేయకూడనివి

సెకనుకు ఎన్ని లావాదేవీలన్న ఒక్క అంకె చూసి బ్లాక్‌చెయిన్‌ను ఎంచుకోకండి. బిట్‌కాయిన్‌లో అవి దాదాపు 7. సొలానా ప్రచారంలో 65,000 అంటారు. రెండూ పక్కపక్కన పెడితే బిట్‌కాయిన్ పనికిరానిదనే అనిపిస్తుంది. కానీ బిట్‌కాయిన్ లెక్కలన్నీ ఇంట్లోని మామూలు కంప్యూటర్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. సొలానాలో లావాదేవీలను ధ్రువీకరించే వాలిడేటర్‌కు 256 జీబీకి తగ్గని ర్యామ్ ఉన్న సర్వరు కావాలి. ఆ ఖర్చు ఎందరు భరించగలరు? వేగం గురించి అడిగిన ప్రతిసారీ ఈ ప్రశ్న కూడా అడగండి.

సొలానా లావాదేవీల లెక్కల్లో వాలిడేటర్లు బ్లాకులను ఆమోదిస్తూ వేసే ఓట్లు కూడా తరచూ కలుస్తాయి. వాటిని తీసేసి చూడండి. నెట్‌వర్క్ ఎప్పుడెప్పుడు ఆగిందో కూడా చూడండి. సొలానా 2021 సెప్టెంబరులో సుమారు 17 గంటలు, 2024 ఫిబ్రవరి 6న దాదాపు 5 గంటలు నిలిచిపోయింది. ఆగినంతసేపూ మీ డబ్బు మీరే కదపలేరు.

అన్నిటికన్నా ముఖ్యం, తాళాలు ఎవరి దగ్గరున్నాయో తెలుసుకోండి. యాక్సీ ఇన్ఫినిటీ ఆట కోసం కట్టిన రోనిన్ నెట్‌వర్క్‌లో అప్పట్లో ఉన్నవి 9 వాలిడేటర్లు. ఈథీరియంకూ రోనిన్‌కూ మధ్య డబ్బు మార్చే బ్రిడ్జి నుంచి సొమ్ము తీయడానికి వాటిలో 5 వాలిడేటర్ల సంతకాలు సరిపోయేవి. ఆ తొమ్మిదిలో నాలుగు ఆటను తయారుచేసిన స్కై మేవిస్ సంస్థవే. 2021 నవంబరులో రద్దీ పెరిగిందని, మరో వాలిడేటర్‌ను నడిపే యాక్సీ డీఏఓ (ఆట తాలూకు వికేంద్రీకృత సంఘం) కూడా తన తరఫున సంతకం పెట్టే అనుమతిని ఆ సంస్థకే ఇచ్చింది. డిసెంబరుకల్లా అవసరం తీరిపోయింది, అనుమతి మాత్రం రద్దు కాలేదు. 2022 మార్చి 23న దొంగలు ఆ అయిదు సంతకాలతో 1,73,600 ఈథర్ (ఈథీరియం నాణెం), 2.55 కోట్ల యూఎస్‌డీసీ (డాలరుతో ముడిపడిన నాణెం) పట్టుకుపోయారు. మార్చి 29న ఒకరికి 5,000 ఈథర్ బయటికి తీసుకోవడం కుదరకపోతే గానీ సంగతి బయటపడలేదు. ఆరు రోజులు! అందులో చాలావరకు ఆట ఆడుకునేవాళ్ల సొమ్ము.

అందుకే వాలిడేటర్ల సంఖ్య చూసి నిశ్చింతగా ఉండకండి. ఈథీరియంలో 32 ఈథర్ ఉంటే ఒక వాలిడేటర్ నడపవచ్చు. ఒకే సంస్థ వేలకొద్దీ నడపడానికీ అడ్డేమీ లేదు. వాటి వెనక నిజంగా వేర్వేరుగా ఎందరున్నారో, ఎందరు కుమ్మక్కైతే నెట్‌వర్క్ ఆగిపోతుందో చూడండి.

ఆర్బిట్రమ్, ఆప్టిమిజమ్ లాంటి, ఈథీరియం మీద ఆధారపడి నడిచే రెండో అంచె నెట్‌వర్క్‌లలో ఫీజు తక్కువ. వాడవద్దని చెప్పను. కానీ వాటి సొంత బ్రిడ్జి మీదుగా డబ్బును ఈథీరియంకు వెనక్కి తెచ్చుకోవడానికి సుమారు వారం పడుతుంది. అత్యవసరానికి దాచుకున్న సొమ్మును అక్కడ పెట్టకండి.

మీ వాలెట్‌ను తిరిగి తెరిచే రికవరీ పదాలను ఫొటో తీసి ఫోన్‌లో ఉంచకండి, కాగితం మీద రాసి దాచండి. డబ్బు పంపేటప్పుడు నెట్‌వర్క్‌ను కూడా సరిచూసుకోండి: డాలరుతో ముడిపడిన యూఎస్‌డీటీ అనే నాణెం ట్రాన్ నెట్‌వర్క్ మీదా ఉంది, ఈథీరియం మీదా ఉంది. అవతలి ఎక్స్ఛేంజి ఏ నెట్‌వర్క్‌ను తీసుకుంటుందో చూడకుండా, ఫీజు తక్కువని ఏదో ఒకటి నొక్కేయకండి. ముందు చిన్న మొత్తం పంపి, అది చేరాకే మిగతాది పంపండి.